షుగర్, అధిక బరువు ఉన్నవాళ్లకి ఆపరేషన్ ముందు పస్తు: చెన్నైలో ఒక పీఏసీ క్లినిక్ మీద సమీక్ష

ఆసుపత్రి పేరు రాయడం లేదు. చెన్నై నడిబొడ్డున ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రి. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లతో పొద్దున్నే హాలు నిండిపోతుంది. ఈ సమీక్ష సర్జన్ గురించీ కాదు, రూముల గురించీ కాదు. మత్తు ఇచ్చే ముందు చేసే చెకప్ (దాన్నే పీఏసీ అంటారు), అక్కడ చేతికిచ్చే పస్తు కాగితం, ముందురోజు వచ్చే ఫోను, ఆపరేషన్ రోజు వెయిటింగ్ హాల్లో జరిగేది, ఈ నాలుగే. షుగరూ, దానికి తోడు బరువూ ఉన్న మనిషికి ఇవి ఎంతవరకు అక్కరకొస్తాయన్నదే మా లెక్క. మార్కులు ఐదుకి మూడు. కాగితం ఇంగ్లీషు వైపు ఒక్కటే చూస్తే నాలుగున్నర ఇవ్వొచ్చు. తెలుగు వైపు చూస్తే రెండుకి మించి ఇవ్వలేం.

ఎందుకంటే తెలుగు వైపు ఉన్నది ఇంకా పాత మాటే: "రాత్రి 12 తర్వాత ఏమీ తినకూడదు, తాగకూడదు." ఇంగ్లీషు, తమిళం వైపులు మార్చారు, తెలుగు వైపు మార్చలేదు. షుగర్ మందుల పట్టిక కూడా అటువైపే ఉంది, ఇటువైపు లేదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఇంగ్లీషు చదవడం వస్తే కాగితాన్ని తిప్పి ఆ వైపే చదవండి.

అసలు పస్తు ఎందుకో తెలిస్తే మిగతాదంతా సులువు. మత్తులో దగ్గు, మింగుడు ఆగిపోతాయి. కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. 1946లో న్యూయార్క్‌లో మెండెల్సన్ అనే డాక్టరు 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి, అలా జరిగిన 66 కేసులు చూపించాడు. ఆ భయంతో వచ్చిన అర్ధరాత్రి నియమం ఎన్నో ఏళ్లు రాజ్యమేలింది. తర్వాత తేలిందేమిటంటే మంచినీళ్లు కడుపులో నిలవవు, చాలామందిలో గంటలోపే చాలామటుకు దిగిపోతాయి. అందుకే అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లోనే తేట ద్రవాలకి రెండు గంటలు చాలని రాసేసింది. మన దగ్గర చాలా వార్డుల్లో మాత్రం ఇప్పటికీ అర్ధరాత్రే నడుస్తోంది. నర్సు చెప్పడానికి తేలిక, ఆపరేషన్ల లిస్టు ముందుకి జరిగినా ఇబ్బంది లేదు. ఆ సౌకర్యం ఆసుపత్రిది, పస్తు పేషెంటుది.

ఈ క్లినిక్ మెచ్చుకోదగ్గ పని ఒకటి చేసింది. కాగితం పైన ఖాళీ డబ్బా పెట్టి, అందులో మీకు మత్తిచ్చే టైం పెన్నుతో రాస్తారు. అక్కడి నుంచి వెనక్కి లెక్క. నూనెలో వేగినవి, నెయ్యి ఎక్కువ పడినవి, మాంసం అయితే ఎనిమిది గంటల ముందు ఆపాలి. ఇడ్లీ, ఇడియాప్పం, టోస్ట్ లాంటి తేలికపాటివి ఆరు గంటల ముందు. పాలు, పాలు కలిపిన ఏదైనా ఆరు గంటలే. తేట ద్రవాలు రెండు గంటలు. పదార్థాల పేర్లు కూడా ఇక్కడి టిఫిన్లవే రాశారు, ఇది చిన్న విషయం కాదు. పొంగలూ మెదువడా ఇడ్లీ పక్కనే ఒకే ప్లేటులో వస్తాయి గానీ కడుపుకి అవి ఒకటి కాదు. పొంగల్లో నెయ్యి, వడలో నూనె కడుపుని నెమ్మదింపజేస్తాయి, వాటికి ఎనిమిది గంటలూ ఇవ్వాల్సిందే. ఫిల్టర్ కాఫీ చూడ్డానికి ద్రవమే, అందులో సగానికి పైగా పాలు. కడుపులో ఆమ్లం తగలగానే పాలు గడ్డకడతాయి, అందుకే వాటిని తిండి కింద లెక్కేస్తారు. పాలు లేని డికాక్షన్ అయితే తేట ద్రవం. మజ్జిగ, రాగిజావ, పోపు వేసిన చారు తేట ద్రవాలు కావు. గ్లాసు అవతలి వైపు పెట్టిన అక్షరాలు కనపడాలి, అడుగున మడ్డి ఉండకూడదు, కొవ్వు ఉండకూడదు, ఇదీ పరీక్ష. లేత కొబ్బరినీళ్ల విషయంలో ఒక్కో డాక్టరు ఒక్కోలా అంటారు. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ పేషెంటు మాత్రం అందులోని పొటాషియం వల్ల అడగకుండా తాగకూడదు. తాంబూలం, గుట్కా ఆ పొద్దున అసలే వద్దు.

లెక్క ఎలా పడుతుందో చూడండి. పొద్దున ఏడున్నరకి కేసు (అంటే ఆపరేషన్) అయితే ముందు రాత్రి తొమ్మిదికి మామూలు భోజనం, తెల్లవారుజామున ఐదున్నర దాకా మంచినీళ్లు. మధ్యాహ్నం రెండింటికి కేసు అయితే పొద్దున ఏడున్నరకి రెండు ఇడ్లీలు తినొచ్చు, ఎనిమిదికల్లా ముగించాలి, పన్నెండు దాకా నీళ్లు తాగొచ్చు. అదే మనిషి తెలుగు వైపు చదివితే అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం రెండు దాకా, అంటే పద్నాలుగు గంటలు నీళ్లు కూడా లేకుండా ఉంటాడు. ముందు రోజు రాత్రి గ్లిమిపిరైడ్ మింగి ఉంటే షుగర్ పడిపోతుంది. మందులన్నీ మానేసి ఉంటే ఒత్తిడి హార్మోన్ల వల్ల పస్తులోనే షుగర్ పైకి ఎగబాకుతుంది. నోరెండిపోవడం, తలనొప్పి, నరం దొరక్క నాలుగు చోట్ల సూది గుచ్చడం ఎలాగూ ఉంటాయి.

షుగర్ ఉన్నవాళ్లని పొద్దుటి లిస్టులో మొదటో రెండోగా పెట్టాలని మత్తు డాక్టర్లంతా చెప్తారు. ఇక్కడ అది కాగితం మీద ఉంది, ఆచరణ సర్జన్‌ని బట్టి. బుకింగ్ కౌంటర్లో నోరు తెరిచి అడిగితే ఇస్తున్నారు. అడక్కపోతే ఖాళీ ఉన్న స్లాట్ ఇస్తారు.

ఇక బరువు సంగతి. లావుగా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువసేపు పస్తుండాలన్న నమ్మకం వార్డు బాయ్ నుంచి కొందరు డాక్టర్ల దాకా ఉంది. అది నిజం కాదు. ఊబకాయం ఒక్కటే ఉంటే పస్తు గంటలు అందరికీ ఉన్నవే. ఇక్కడి డాక్టర్లు ఆ మాట స్పష్టంగా చెప్తున్నారు, ఈ ఒక్కదానికి అర మార్కు ఎక్కువ వేశాం. బరువు వల్ల వచ్చే ముప్పు వేరే చోట ఉంది. వెల్లకిలా పడుకోగానే పొట్ట పైకి నొక్కి ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ తగ్గిపోతుంది, మత్తిచ్చాక ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. అందుకే తలవైపు ఎత్తిపెట్టి, ముందుగా మాస్కుతో ఆక్సిజన్ పట్టించి, అప్పుడు మత్తిస్తారు. గురక, నిద్రలో శ్వాస ఆగడం ఉన్నాయా అని స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక నింపుతారు. ఈ క్లినిక్‌లో దాన్ని ఊరికే టిక్కులు పెట్టి వదిలేయలేదు, టేపు తీసి మెడ చుట్టుకొలత కొలిచారు. నిద్రలో శ్వాస ఆగకుండా మాస్కుతో గాలి పట్టించే సీప్యాప్ మిషన్ వాడేవాళ్లని ఆపరేషన్ రోజు వెంట తెచ్చుకోమన్నారు. మాస్కు కూడా తెచ్చుకోండి, ఆసుపత్రి మాస్కు మీ ముఖానికి సరిగా పట్టకపోవచ్చు.

నిజంగా కడుపు నెమ్మదించేది ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లలో. వేగస్ నరం పాడైతే కడుపు కండరం సరిగా కదలదు, రాత్రి తిన్నది పొద్దుటికీ లోపలే ఉంటుంది. దీన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. పట్టుకోవడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు, అడగాల్సినవి అడిగితే చాలు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోందా? రాత్రి తిన్న అన్నం వాసన పొద్దున త్రేన్పుల్లో వస్తోందా? తరచూ వికారం, వాంతి ఉన్నాయా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? ఇక్కడి ఫారంలో "ఎసిడిటీ ఉందా" ఒక్కటే ఉంది. దానికి అందరూ ఉందనే చెప్తారు, దాంతో ఉపయోగం లేదు. పై నాలుగింటిలో ఒక్కటున్నా ఫారం కోసం చూడకుండా మీరే చెప్పండి. అలాంటివాళ్లకి ఆరు గంటల లెక్క సరిపోదు.

అనుమానం ఉన్నప్పుడు ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో కడుపుకి స్కాన్ తీసే ఏర్పాటు ఉంది. కుడివైపు తిరిగి పడుకోమంటారు, రొమ్ము ఎముక కిందుగా ప్రోబ్ ఆనించి, కాలేయం ఎడమ భాగం కింద కడుపు చివరి భాగాన్ని చూస్తారు. ఖాళీగా ఉంటే గోడలు అతుక్కుని చిన్నగా కనిపిస్తుంది. ద్రవం ఉంటే ఆ భాగం వైశాల్యం కొలిచి, వయసుతో కలిపి లెక్కేస్తారు, కిలో బరువుకి 1.5 మి.లీ. లోపు తేట ద్రవం ఉంటే ఫర్వాలేదు. ఘనపదార్థం కనిపిస్తే కేసు వాయిదా, లేదా మత్తిచ్చే పద్ధతి మారుతుంది. అయిదారు నిమిషాల పని. బాగా లావుగా ఉన్నవాళ్లలో చిత్రం అంత స్పష్టంగా రాదు, చేయి తిరిగినవాళ్లు కావాలి. రాత్రి ఎమర్జెన్సీకి ఈ సౌకర్యం దొరకదన్నారు, అది లోపమే.

మందుల దగ్గరికొస్తే కాగితం నాణ్యత బయటపడుతుంది. ఇంగ్లీషు వైపు పట్టిక బాగుంది, కానీ పేషెంటుకి తన మాత్రలో ఏముందో తెలియదన్న సంగతి వాళ్లు మర్చిపోయారు. మన షాపుల్లో దొరికే షుగర్ మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. అందుకే పెట్టెలు కాదు, వాడుతున్న స్ట్రిప్పులే తీసుకెళ్లండి. వెనక సన్నక్షరాల్లో ఉన్న పేర్లే అసలైనవి.

"ఫ్లోజిన్" అని ముగిసేది ఉంటే, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, ఆపరేషన్‌కి మూడు రోజుల ముందే ఆపాలి. ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే నాలుగు రోజులు. ఈ గుంపు మందు చక్కెరని మూత్రంలోకి తోసేస్తుంది. దాని మీద పస్తుంటే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయి, గ్లూకోమీటర్‌లో మాత్రం 160, 180 అని మామూలుగానే కనపడుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అందరూ ఆపరేషన్ వల్ల అనుకుంటారు. రక్తంలో కీటోన్ చూస్తే తప్ప బయటపడదు. కీటోన్ చూసే స్ట్రిప్పులు పీఏసీ గదిలో ఉన్నాయి, డే కేర్ వార్డులో లేవు. ఉండాల్సిందే వార్డులో. ఇంకో చిక్కు, ఈ మందుని గుండె బలహీనతకీ కిడ్నీకీ కూడా ఇస్తున్నారు. "షుగర్ మాత్రలు ఏం వాడుతున్నారు" అని అడిగితే గుండె డాక్టరిచ్చిన మాత్ర పేరు ఎవరూ చెప్పరు. ఆ మూడు రోజులూ ఇంకేం వేసుకోవాలో షుగర్ డాక్టరుతో మాట్లాడే ఆపండి, గుండె కోసం వాడుతుంటే గుండె డాక్టర్ని కూడా అడగండి.

మెట్‌ఫార్మిన్ ఆ పొద్దున వద్దు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ కూడా వద్దు, తిండి లేకుండా అవి షుగర్‌ని పడగొడతాయి. "గ్లిప్టిన్" అని ముగిసేవి అంత ప్రమాదం కాదు, డాక్టరు చెప్పినట్టు చేయండి. బీపీ, థైరాయిడ్ మాత్రలు ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రని కొందరు ఆ రోజు ఆపమంటారు, అడిగి తెలుసుకోండి.

ఇన్సులిన్ విషయంలో జనం చేసే పొరపాటు ఒకటే, తినడం లేదు కదా అని మొత్తం మానేయడం. రోజంతా పనిచేసే రకం, గ్లార్జిన్ లాంటిది, మానకూడదు. మామూలు డోసులో 75 నుంచి 80 శాతం వేసుకోవాలి. రాత్రి 24 యూనిట్లు వేసుకునేవాళ్లు 18 లేదా 19. పొద్దున వేసుకునే 30/70 మిక్స్ అయితే సగం, అంటే 30 యూనిట్లకి 15. భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే రకం, భోజనం లేదు గనక వద్దు. టైప్ 1 అయితే రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఏ కారణం చేతా ఆపకూడదు. ఇవి సాధారణ లెక్కలు. మీ అంకె మత్తు డాక్టరు చేత్తో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట సరిపోదు. ఈ క్లినిక్‌లో అడిగితే రాసిస్తున్నారు.

షుగర్‌కీ బరువు తగ్గడానికీ వారానికోసారి పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్ల ప్రస్తావన కాగితంలో అసలు లేదు. ఇది పెద్ద లోటు. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ అదే ఏడాది జూన్‌లో. నోటితో వేసుకునే రైబెల్సస్ 2022 నుంచే ఉంది. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆకలి తగ్గడంలో అదీ భాగమే. 2023 జూన్‌లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం వారానికోసారి వేసుకునేవాటిని వారం ముందు ఆపమంది. 2024 అక్టోబర్‌లో అనేక సంఘాలు కలిసి దాన్ని సడలించాయి: అందరికీ ఆపక్కర్లేదు, డోసు పెంచుతున్న దశలో ఉన్నవాళ్లు, వికారం, వాంతి, కడుపుబ్బరం ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి, అలాంటివాళ్లు ముందురోజంతా ద్రవాహారం మీద ఉండాలి, అనుమానముంటే కడుపు స్కాన్ చేయాలి. వెగోవీలో ఉండే మందు సెమాగ్లుటైడ్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి ఒక్క డోసు మానినంత మాత్రాన దాని ప్రభావం పోదు. క్లినిక్‌లో డాక్టరుకి ఇదంతా తెలుసు, అడిగితే చక్కగా వివరించారు. ఫారం నింపే అమ్మాయికి మాత్రం ఆ ప్రశ్నే లేదు. బరువు తగ్గడానికి వేసుకునేవాళ్లు దాన్ని మందు కింద లెక్కే వేయరు, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పరు. "షుగర్ మందులు వాడుతున్నారా" అంటే లేదనే అంటారు. "వారానికోసారి సూది వేసుకుంటారా అండీ" అని విడిగా అడగాలి.

పస్తులో షుగర్ 70 కంటే కిందికి పడితే ఏం చేయాలో కాగితంలో ఒకే వాక్యం ఉంది: "ఆసుపత్రికి ఫోన్ చేయండి." తెల్లవారుజామున నాలుగింటికి, గూడూరు దాటిన రైల్లో ఉన్నవాడికి ఇది ఏ మూలకి? మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, సుమారు 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోవాలి. 70 దాటకపోతే ఇంకోసారి. అది తేట ద్రవమే, రెండు గంటల ముందైతే కేసు ఆగదు. రెండు గంటల లోపైనా షుగర్ పడిపోతే తాగాల్సిందే, తర్వాత మత్తు డాక్టరుకి చెప్పాలి. అప్పటికే ఆసుపత్రిలో ఉంటే నర్సుకి చెప్పండి, నరంలోకి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. బిస్కెట్, పాలు, చాక్లెట్ మాత్రం వద్దు, వాటితో ఆరు గంటల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వోగ్లిబోస్ కలిసిన మాత్ర వేసుకున్నవాళ్లకి పంచదార నీళ్లు త్వరగా పనిచేయవు, ఆ మందు పంచదార విడిపోవడాన్నే అడ్డుకుంటుంది. వాళ్లకి గ్లూకోజ్ పొడే కావాలి. ఆ పొట్లం, గ్లూకోమీటర్, నీళ్ల సీసా బ్యాగు పైన జేబులో ఉండాలి. పొద్దుటి మొదటి స్లాట్ ఉన్నవాళ్లు నెల్లూరు నుంచి అదే రోజు బయల్దేరకుండా ముందు సాయంత్రమే వచ్చి దగ్గర్లో లాడ్జి తీసుకోవడం మేలు.

ముందురోజు ఫోన్ సాయంత్రం వస్తుంది. టైం చెప్తారు, పస్తు చెప్తారు, మందుల సంగతి ఎత్తరు. తెలుగులో మాట్లాడే నర్సు పగటి డ్యూటీలోనే ఉంటుంది కాబట్టి ఆ కాల్ తమిళంలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది. మందుల ప్రశ్నలు మధ్యాహ్నమే ఫోన్ చేసి తేల్చుకోండి.

అన్నిటికంటే బాధపెట్టింది వెయిటింగ్ హాలు. లోపలికి రాగానే గ్లూకోమీటర్‌తో షుగర్ చూస్తారు, అంతవరకు బాగానే ఉంది. లిస్టు జారి తొమ్మిది గంటల కేసు పన్నెండున్నరకి వెళ్తే మళ్లీ చూసే నాథుడు లేడు. గంటకోసారి చూడాలి, 100కీ 180కీ మధ్య ఉంచాలి. మూడున్నర గంటలు జారినప్పుడు "ఇంకో గ్లాసు నీళ్లు తాగండమ్మా" అని చెప్పాలి, అది ఎవరి పనో అక్కడ ఎవరికీ తెలియదు. కౌంటర్ దగ్గరికెళ్లి "మా కేసు ఎన్నింటికి, ఇప్పుడు నీళ్లు తాగొచ్చా, షుగర్ మళ్లీ చూస్తారా" అని మూడు ప్రశ్నలూ కలిపి అడిగితే లోపలికి ఫోన్ చేసి కనుక్కుంటున్నారు. మొహమాటపడితే ఎండిపోతారు.

కొలనోస్కోపీకి (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్షకి) వచ్చేవాళ్లకి వేరే కాగితం ఉంది, అది పర్వాలేదు. పేగు శుభ్రం చేసే పొడిని నీళ్లలో కలిపి రెండు విడతలుగా, సగం ముందు సాయంత్రం, సగం పొద్దున తాగమన్నారు, చివరి గ్లాసు రెండు గంటల ముందు ముగించాలన్నారు. ముందురోజంతా ద్రవాహారమే కాబట్టి షుగర్ మాత్రలు ఆ రోజు నుంచే తగ్గించాలన్న మాట మాత్రం అందులో లేదు. షుగర్ పడిపోయే ప్రమాదం ఆ ముందురోజే ఎక్కువ.

డిశ్చార్జి కాగితంలో మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయడం లేదు. గ్లిమిపిరైడ్ మొదటి సరైన భోజనంతో. మెట్‌ఫార్మిన్ తినడం మొదలయ్యాక, కిడ్నీ లోపం ఉండి స్కాన్ కోసం కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేసి ఉంటే 48 గంటలు ఆగి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూసుకుని. ఫ్లోజిన్ మాత్ర మామూలుగా తిని తాగగలిగిన తర్వాతే. బిల్లు కట్టే ముందే ఈ మూడూ ఆ కాగితం మీద చేత్తో రాయించుకోండి, బిల్లయ్యాక డ్యూటీ డాక్టరు దొరకడం కష్టం.